మా మామను విమానం తీసుకపోలేదు

మా మామ పోయినాడు.

పొద్దున్నే పొయ్యి మీద టీకి నీళ్ళు పెట్టి నిలబడి ఉంటే ఆసుపత్రి నుంచి మా ఆయన ఫోన్ చేసినాడు. నాయన అయిపోయినాడు, అమ్మకు నువ్వే చెప్పు అని పెట్టేసినాడు. అత్త వాకిట్లో మేకకు ఆకు వేస్తా ఉంది. నేను నోరు తెరవకముందే నా మొహం చూసి, చేతిలోని కొమ్మ వదిలేసి అక్కడే కూలబడింది.

మధ్యాన్నానికి ఇంటి ముందర జనం నిండినారు. మా మామ పెండ్లి కాకముందు నుంచి రంపం కాడ కూచుని రాయి కోసిన పలకల ఫ్యాక్టరీ ఓనరు కూడా వచ్చినాడు. పెద్ద దండ వేసినాడు. చేతులు కట్టుకుని కాసేపు నిలబడినాడు. తరువాత పక్కనున్నవాళ్ళకు వినపడేటట్టు అన్నాడు.

"ఎన్నిసార్లు చెప్పినా వినలే. ఎండలో గాలిలో ఆ గుట్టల మీద తిరగొద్దు పెద్దాయనా అంటి. ఆ ఇమానమే తీసుకపాయె."

జనం అవునవును అని తలలూపినారు. మా ఆయన కూడా ఊపినాడు.

తలుపు చాటున నిలబడి నేను అది చూసినాను. అప్పటి నుంచి మా వీధిలో ఎవరు పలకరించినా అదే మాట. బొమ్మ విమానం పిచ్చిలో పడి పాణం తీసుకున్నాడంట. ముసలోనికి ఆ వయసులో ఆటలేందంట. నీళ్ళ పంపు కాడ ఒకామె నవ్వుతా అడిగింది, మీ మామ పైకి విమానంలోనే పోయినాడా అని. నాకు పెద్దల ముందర నోరు రాదు. గిద్దలూరు పక్క మా ఊరి బడిలో ఐదో తరగతి దాకా చదివినాను, అంతే. మాట్లాడలేని దాన్ని కాబట్టి రాస్తున్నాను. మా మామ మీకు తెలియదు. ఆయన విమానం ఎట్లాంటిదో, దానికి మోటారు ఎందుకు పెట్టాల్సి వచ్చిందో తెలిస్తే, ఆయన్ను ఏది తీసుకపోయిందో మీకే తెలుస్తుంది.

మార్కాపురం చుట్టుపక్కల పలక రాయి గనులు ఉన్నాయి. రాతిని ఆకుల మాదిరి చీలుస్తారు. చీల్చినదాన్ని రంపం కింద పెట్టి నాలుగు పక్కలా కోస్తారు. ఆ కోసే పని మా మామది. రంపం తిరిగేటప్పుడు మెత్తటి పొడి లేస్తుంది. పిండి మరలో పిండి లేసినట్టు లేస్తుంది. నేను కాపురానికి వచ్చినప్పుడు మా మామ కనుబొమలు నెరిసినాయి అనుకున్నాను. నెరవలేదు. అది పొడి.

మా ఇండ్లల్లో కోడలు మామ ముందర కూచోకూడదు, ఎదురుపడి మాట్లాడకూడదు. అన్నం పెట్టి పిలవాలన్నా, "అత్తా, అన్నం పెట్టినా" అని గోడకు చెప్పాల. అత్త ఇంట్లో లేకపోయినా అట్లనే చెప్పాల. మా మామ కూడా నాతో నేరుగా మాట్లాడేవాడు కాదు. వాకిట్లో కట్టేసిన మేకకు చెప్పేవాడు. "వస్తాండానని చెప్పు మే" అనేవాడు మేకతో. "చారులో ఉప్పు తగ్గిందని చెప్పు. కోప్పడకుండా చెప్పు." నేను వంటింట్లో కొంగు నోట్లో కుక్కుకుని నవ్వుకునేదాన్ని. అత్తగారింట్లో నన్ను మొదట నవ్వించింది ఆయనే.

విమానం సంగతి ఎట్ల మొదలైందంటే, మా ఆయన తన పాత ఫోను మామకు ఇచ్చినాడు. దాంట్లో ఎవరో హిందీలో చెప్తా థర్మాకోల్‌తో విమానం చేసే వీడియో వచ్చింది. మా మామకు హిందీ ఒక్క ముక్క రాదు. మాట వినకుండా చేతులు మాత్రమే చూసినాడు, మళ్ళీ మళ్ళీ చూసినాడు. ఫ్యాక్టరీలో రాళ్ళు పెట్టెలకెత్తేటప్పుడు పగలకుండా మధ్యలో పెట్టే దళసరి థర్మాకోల్ ముక్కలు మిగులుతాయి. అవి తెచ్చినాడు. పాత హీటరు తీగెను సాగదీసి వెదురు బద్దకు విల్లు మాదిరి కట్టినాడు. దానికి కరెంటు ఇస్తే తీగె కాలుతుంది, కాలిన తీగె థర్మాకోల్‌ను వెన్న కోసినట్టు కోస్తుంది. రెక్క ఏ వంపులో రావాలో ఆ వంపులో రెండు అచ్చులు కావాల. వీడియోలో వాళ్ళు చెక్కతో చేసుకున్నారు. మా మామ పలక రాతితో చేసినాడు. చెక్క తీగెకు కాలుతుంది, పలక కాలదు, తీగె దాని మీద జారిపోతుంది. ఎన్ని రెక్కలు కోసినా అచ్చు అరగదు.

ఆ విల్లును రెండు వైపులా ఇద్దరు పట్టుకుని ఒకే వేగంతో లాగాల. ఒకరు ముందు పోయి ఒకరు వెనకబడితే రెక్క మెలి తిరుగుతుంది. మొదట అత్త పట్టుకునేది. అత్తకు ఏదో ఒక కోపం ఉండనే ఉంటుంది, చరచరా లాగేసేది. మూడు రెక్కలు వంకర పోయినాయి. "ఇది మీ అత్త అలిగిన రోజు కోసిన రెక్క, ఇది సంత కాడ బేరం కుదరని రోజుది" అని మేకకు చూపించేవాడు. ఆఖరుకు అత్తే విసుగెత్తి, నన్ను పట్టుకోమని చెప్పి లోపలికి పోయింది.

నేను తల వంచుకుని ఒక కొస పట్టుకున్నాను. అచ్చుల మీద బలపంతో గీతలు గీసి అంకెలు వేసినాడు. తీగె ఏ గీత మీదికి వచ్చిందో ఇద్దరూ పైకి చెప్పుకుంటా లాగాల. నేను అంకె చెప్పకుండా ఉత్తగా లాగినాను. ఆయన తీగె ఆపి, మేక వైపు తిరిగి అన్నాడు.

"అంకెలు చెప్పకపోతే ఇదీ వంకరే పోతాదని చెప్పు మే. అంకెలకు మామా కోడలూ అని ఉండదు."

అప్పుడు ఒకటి అన్నాను. ఆయన ఒకటి అన్నాడు. రెండు అన్నాను, రెండు అన్నాడు. కొస దాకా అట్లనే పోయినాము. ఆ ఇంట్లో నేను ఒకరితో కలిసి ఒక పని ఒకే వేగంతో చేసింది అదే మొదలు. రెక్కను చేత్తో నిమిరి చూసి, ఒక్క గీరు కూడా పడలేదని, దాన్ని గోడకు ఆనించి చానాసేపు దాని వైపే చూస్తా కూచున్నాడు.

మోటారు లేని విమానం అది. రిమోట్ మీట తిప్పితే తోక కదులుతుంది, అంతే. ముక్కులో బరువు కోసం పలక ముక్క ఒకటి దూర్చి అంటించినాడు. ఆదివారం ఫ్యాక్టరీకి సెలవు. పనికిరాని రాయి పోసిన నల్ల గుట్టల కాడికి పోయేవాడు. ఆ రాయి ఎండకు పెనం మాదిరి కాలుతుంది. అక్కడ గాలి వేడెక్కి పైకి లేస్తుంది. గద్దలు రెక్క ఆడించకుండా ఆ గాలి మీదే గుండ్రంగా తిరుగుతా పైకి పోతాయి. మా మామ ముందు గద్దలను చూసుకుని, తరువాత విమానాన్ని వదిలేవాడు. సైకిలు ట్యూబు కోసి చేసిన పొడుగాటి రబ్బరుకు నైలాను దారం కట్టి, ఒక కొస మేకుకు వేసి, రెండో కొసకు విమానం తగిలించి వెనక్కి వెనక్కి నడిచేవాడు. వదిలితే ఉండేలు రాయి మాదిరి పైకి పోయేది. నేను మిద్దె మీద మిరపకాయలు తిరగేస్తా చూసేదాన్ని. తెల్లగా, గద్దల మధ్యన, చప్పుడు లేకుండా. "గాలిని తొయ్యకూడదు. అది ఏడ లేస్తాందో చూసుకుని ఆడికి పోవాల" అని అనేవాడు.

ఆ గుట్టల మీద ఆయన ఊపిరి పోలేదు. వారమంతా రంపం కాడ పోయిన ఊపిరిని ఆదివారం ఆ గుట్టల మీద కాస్త వెనక్కి తెచ్చుకునేవాడు. ఇది రాయడానికే ఇంత రాస్తున్నాను.

మొదట రబ్బరు లాగుతా సగంలో ఆగడం మొదలుపెట్టినాడు. తరువాత సగంలో కూచోవడం. ఒక ఆదివారం విమానాన్ని ఎగరెయ్యకుండానే తిరిగి తెచ్చి దూలానికి వేలాడగట్టినాడు. దగ్గు పట్టుకుంది. ఒక డాక్టరు టీబీ అన్నాడు, బిళ్ళలు ఇచ్చినాడు. అన్నీ మింగినాడు. తగ్గలేదు, మళ్ళీ మొదటి నుంచి మింగించినారు. అత్త ఆయన గ్లాసు, కంచం వేరుగా పెట్టింది. ఆఖరుకు కర్నూలు తీసుకుపోయినాము. అత్తకు బస్సు పడదు కాబట్టి మా ఆయన వెంట నేను పోయినాను. అక్కడి డాక్టరు ఎక్స్‌రే వెలుతురుకు పెట్టి చూసి, ఏం పని చేస్తావని అడిగినాడు.

"పలకలు కోస్తా సార్."

డాక్టరు ఎక్స్‌రే కింద పెట్టినాడు. ఇది క్షయ కాదు అన్నాడు. ఊపిరితిత్తుల్లో రాతిపొడి పేరుకుపోయింది, దాన్ని తీసే మందు లేదు, ఇంక కొత్తది లోపలికి పోకుండా చూసుకోవాల, అంతే అన్నాడు. ఇంట్లో ఇంకెవరైనా ఆ పని చేస్తారా అని మా ఆయన్ను అడిగినాడు. మా ఆయన లేదన్నాడు. అప్పటికి అది నిజమే. ఆయన అదే ఫ్యాక్టరీలో లారీలకు లోడింగు చేసేవాడు.

తిరుగు బస్సులో మా ఆయన మెల్లగా చెప్పినాడు, ఈ మాట ఊర్లో ఎవరికీ చెప్పొద్దని. పొడి వల్ల అని ఓనరు చెవిన పడితే మేమేదో అడగడానికి వస్తామనుకుంటాడంట, ఉన్న పని కూడా తీసేస్తాడంట. టీబీ అనే చెప్పుకుందాం అన్నాడు. మా మామ కిటికీలోంచి బయటికి చూస్తా సరే అన్నాడు. కన్నకొడుకు పని కోసం, తనది కాని జబ్బు పేరు మోయడానికి ఒప్పుకున్నాడు. నాకు ఆ రోజు మా ఆయన మీద వచ్చిన కోపం ఇంకా పోలేదు.

నెల తిరగకముందే ఓనరు కబురు పెట్టినాడు. నాయన సీటు కొడుకుకే ఇస్తా, బయటోనికి ఇవ్వనన్నాడంట. అదేదో పట్టం కట్టినట్టు అత్త పొంగిపోయింది. మా మామ ఆ పూట అన్నం ముట్టలేదు. కొడుకును పిలిచి చెప్పినాడు. రంపం మీద సన్నగా నీళ్ళు పడేటట్టు పైపు ఉంది. నీళ్ళు పడితే పొడి లేవదు. కానీ నీళ్ళు ట్యాంకరుతో తోలించాల, తడిసిన పలకలు ఆరడానికి టైము పడుతుంది, అందుకని ఆ పైపు ఏండ్ల నుంచి కట్టేసి ఉంది. "ఆ పైపు ఇప్పించుకుంటే కూచో. లేకుంటే వద్దు రా" అన్నాడు. మా ఆయన అట్లనే నాయనా అన్నాడు. పైపు విప్పించుకోలేదు. కూచున్నాడు.

అదిగో, ఆ రోజుల్లోనే మా మామ దూలానికి ఉన్న విమానాన్ని దించినాడు. రబ్బరు లాగుతా వెనక్కి నడిచే ఊపిరి ఆయనకు లేదు. కొడుకును లాగమంటే, నలుగురు నవ్వుతారని రానన్నాడు. నన్ను ఆయన అడగలేదు. కోడలు గుట్టల మీద రబ్బరు పట్టుకుని నడిస్తే వీధి ఏమంటుందో ఆయనకు తెలుసు. అందుకే మోటారు పెట్టాలనుకున్నాడు. "నా ఊపిరితో ఇంక కాదు, దాని ఊపిరి దానికే పెడతా" అని మేకకు చెప్పినాడు.

మోటారు, బ్యాటరీ, కరెంటును ఎక్కువ తక్కువ చేసే చిన్న బిళ్ళ, ముడుచుకునే ఫ్యాను రెక్కలు అన్నీ కొరియరులో వచ్చినాయి. మోటారు నిమ్మకాయంత ఉంది. విమానం ముక్కు కోసి, లోపలున్న పలక ముక్క తీసేసినాడు. ఇంక మోటారే బరువు, బ్యాటరీనే బరువు. ప్లైవుడ్ బిళ్ళ ముక్కుకు అంటించి, దానికి మోటారు బిగించినాడు. బిగించేటప్పుడు పై రెండు స్క్రూల కింద చిన్న వాషర్లు పెట్టినాడు, మోటారు కొంచెం నేల వైపు చూడాలంట. లేకపోతే ఫ్యాను లాగే లాగుడుకు విమానం తల ఎత్తుకుని వెనక్కి పల్టీ కొడుతుందంట.

"కొత్త కోడలి మాదిరి కొంచెం తల వంచుకోనుండాల" అన్నాడు. అని నాలుక కరుచుకున్నాడు. "మోటారును అన్నా అని చెప్పు మే."

మూడు తీగెలు నేను పట్టుకుంటే ఆయన టంకం పెట్టినాడు. మొదటిసారి తిప్పితే ఫ్యాను వెనక్కి తిరిగింది. మూడింట్లో రెండు తీగెలు అటుదిటు మారిస్తే సరిపోయింది. మోటారు ఆపిన వెంటనే ఫ్యాను రెక్కలు వెనక్కి ముడుచుకుని ముక్కుకు అతుక్కునేటివి, పైన గాలికి అడ్డం రాకుండా. అది చూసి ఎంత సంబరపడినాడో. ఆపడం, తిప్పడం, ఆపడం. పనిలో ఉన్నంతసేపు ఆయనకు దగ్గు తక్కువ వచ్చేది. ఇది నేను కళ్ళారా చూసినాను.

రెక్క కింద రెండు వేళ్ళు పెట్టి ఎత్తితే విమానం అటూ ఇటూ ఒరగకుండా తక్కెడ మాదిరి నిలబడాల. బ్యాటరీని ముందుకూ వెనక్కూ జరిపి జరిపి నిలబెట్టినాడు. అంతా అయిందనుకునే లోపల అత్త వచ్చింది. మోటారు బండి కొన్నా, కుట్టు మిషను కొన్నా అత్త ఊరికే ఉండదు. ముక్కుకు పసుపు కుంకుమ పెట్టి, దాని కింద ఒక నిమ్మకాయ, రెండు పచ్చి మిరపకాయలు దారానికి గుచ్చి కట్టింది. మళ్ళీ ఎత్తి చూస్తే విమానం ముక్కు నేలకు పొడుచుకుంది. నిమ్మకాయ తీసేస్తాడేమో అనుకున్నాను. తీయలేదు. బ్యాటరీని వేలెడు వెనక్కి జరిపినాడు. అత్త లోపలికి పోయినాక అన్నాడు, "ఆమెను కూడా లెక్కలో పెట్టుకోవాల గదా."

ఆదివారం సాయంత్రం ముగ్గురమూ గుట్టల కాడికి పోయినాము. అత్త తోడుంటే నేను పోయినా ఎవరూ ఏమీ అనలేరు. ఆటోలో పోయి, రాతి మీద కూచోబెట్టినాము ఆయన్ను. ఒక చేతిలో రిమోట్. ఇంకొక చేత్తో విమానాన్ని ఊరికే ముందుకు తోసినాడు, పిచ్చుకను వదిలినట్టు. మోటారు సన్నగా కూసింది. నిమ్మకాయ ఊగుతా ఉంది. విమానం ఎవరూ లాగకుండా, ఎవరూ పరిగెత్తకుండా మెట్లెక్కినట్టు పైకి పోయింది. బాగా పైకి పోయినాక మోటారు ఆపినాడు. చప్పుడు ఆగింది. మా మామ ఊపిరి ఒక్కటే వినపడతా ఉంది, ఈల మాదిరి. ఆయన కళ్ళు తుడుచుకున్నాడు. అత్త మాత్రం తన నిమ్మకాయ ఎంత పైకి పోయిందో చూడమని నన్ను పొడుస్తా ఉంది.

మరుసటి ఆదివారం విమానం మాట వినలేదు. వదిలిన వెంటనే ముక్కు ఎత్తుకుంది, నిలబడిపోయింది, తోక మీద జారి రాళ్ళ మీద పడింది. మళ్ళీ వదిలితే మళ్ళీ అంతే. ఒక రెక్క పగిలింది. ఇంటికి తెచ్చి అగ్గిపుల్లలు గుచ్చి బంకతో అంటించినాడు. స్క్రూలు చూసినాడు, వాషర్లు చూసినాడు, బ్యాటరీ జరిగిందేమో చూసినాడు. ఏదీ మారలేదు. మొహం వాడిపోయింది. నావల్లనే ఏదో తప్పు జరిగింది, చేతుల్లో పట్టు పోయింది అని మొదటిసారి అన్నాడు. నేను విమానాన్ని తుడుస్తా ముక్కు కింద చెయ్యి పెట్టినాను. ఎండకు ఎండి, నిమ్మకాయ ఉత్త తొక్క మాదిరి తేలిపోతా ఉంది.

"నిమ్మకాయ ఎండిపోయింది మామా" అన్నాను.

గోడకు చెప్పలేదు. ఆయనకే చెప్పినాను. అన్నాక గానీ నాకే తెలియలేదు. ఆయన నన్ను చూసినాడు, నిమ్మకాయను చూసినాడు. నవ్వడం మొదలుపెట్టినాడు, నవ్వు దగ్గులోకి పోయింది, దగ్గు ఆగినాక మళ్ళీ నవ్వినాడు. ఆ తరువాత నుంచి ప్రతి ఆదివారం కొత్త నిమ్మకాయ. తన పూజ మీద ఇంటాయనకు ఇన్నాళ్ళకు నమ్మకం కుదిరిందని అత్త నలుగురికీ చెప్పుకుంది. ఆ తరువాత నుంచి ఆయన నాతోనే మాట్లాడినాడు, మేకతో మానేసినాడు. మీట కుడికి తొయ్యమ్మా, ఎక్కువ కాదు, గోరంత అని రిమోట్ నా చేతికిచ్చి నేర్పినాడు. ఒక మధ్యాన్నం గద్ద ఒకటి వచ్చి మా విమానం పక్కనే తిరిగింది. ఫ్యాను ముడుచుకుని ఉంది, గద్ద కూడా రెక్క ఆడించడం లేదు.

ఓనరు అప్పుడే చూసినాడు. జీపు గుట్ట కింద ఆపి, దిగకుండానే నవ్వుతా అరిచినాడు.

"ఏం పెద్దాయనా, ఊపిరాడడంలే అని పని మానేస్తివి. ఇమానాలు ఎగరెయ్యడానికి ఆడతాందే?"

"ఇది కూచుని ఎగరేసేది సార్" అన్నాడు మా మామ. తరువాత లేచి నిలబడినాడు. నిలబడడానికి నా భుజం పట్టుకున్నాడు. "రంపం కాడ నీళ్ళ పైపు ఇడిపించండి సార్. మావాడు కూచుంటాండాడు."

"ట్యాంకరు నువ్వు తోలతావా?" అని ఓనరు జీపు పోనిచ్చినాడు.

దండ వేసి, ఎన్నిసార్లు చెప్పినా వినలే అన్నాడే, ఆయన చెప్పింది ఇది. ఈ ఒక్కసారే. మా మామ అడిగింది కూడా ఒక్కటే. ఆ రోజు అక్కడ అత్త ఉంది, నేను ఉన్నాను. ఇద్దరం విన్నాము.

వానలు తగ్గి చలి మొదలైనాక ఆయన మంచం దిగలేదు. ఆసుపత్రిలో ముక్కుకు గొట్టం పెట్టినారు. గాలి సిలిండరులో నుంచి వస్తా ఉంటే, పడుకునే దాని వైపు చూస్తా, "నాకూ మోటారు పెట్టినారు చూడు" అన్నాడు. నేను నవ్వలేదు. అప్పుడు ఇంకొక మాట అన్నాడు, అది మా ఆయన కూడా విన్నాడు. "వాణ్ణి లేపమ్మా ఆ రంపం కాడి నుంచి." అంతకంటే మాట్లాడలేకపోయినాడు.

పెద్దదినం రోజు చుట్టాలంతా కూచుని ఆయన చాప, దుప్పటి, చెప్పులు ఊరి బయట పారేయడానికి మూట కట్టినారు. విమానం కూడా పెట్టమన్నారు, ఆయన్ను మింగింది ఇంట్లో ఉండకూడదంట. ఒకాయన దాన్ని విరిచి మూటలో కుక్కడానికి రెక్క మీద చెయ్యి వేసినాడు. నేను పోయి ఆయన చేతిలోంచి తీసుకున్నాను. మా గదిలోకి తీసుకుపోయి తలుపు వేసినాను. కోడలికి కూడా పిచ్చి పట్టిందని ఎవరో అన్నారు. అననీ.

ఓనరు ఆ సాయంత్రమే మనిషిని పంపించినాడు. కర్మాంతరాలు అయినాయి గదా, రేపటి నుంచి రంపం కాడికి రమ్మన్నాడంట. మా ఆయన సరే అని పంపించి, వచ్చి టీ అడిగినాడు. గ్లాసు చేతికిచ్చి ఎదురుగా నిలబడినాను.

"మామను ఇమానం తీసుకపోలే" అన్నాను. "నువ్వు రేపు ఏడ కూచుంటావో అదే తీసుకపోయింది."

ఆయన గ్లాసు కింద పెట్టినాడు. ఆ మాట గడప దాటితే తిండి ఉండదన్నాడు. నేను దాటిస్తానన్నాను. ఎవరితో చెప్తావు, నీకు నోరేది అన్నాడు. రాస్తానన్నాను. ఆయన నవ్వబోయి దగ్గినాడు. చిన్న దగ్గే. గొంతులో ఏదో అడ్డం పడినట్టు. నేను ఆయన మొహం చూసినాను, ఆయన నా మొహం చూసినాడు. అది టీ వల్ల అన్నాడు. టీ ఇంకా ముట్టలేదు.

తెల్లారి పనికి పోయే వేళకు ఆయన తయారుకాలేదు. పోననీ చెప్పలేదు. కొక్కేనికి ఉన్న పని చొక్కా తీసుకుని దొడ్లో పంపు కాడికి పోయినాడు. పెండ్లయిన కాడి నుంచి ఆయన తన చొక్కా తను ఉతుక్కోవడం నేను చూడలేదు. బకెట్టులో ముంచి ఎత్తినాడు. నీళ్ళు పలక రంగుకు తిరిగినాయి. పారబోసి మళ్ళీ పట్టినాడు, మళ్ళీ ముంచినాడు. మళ్ళీ అదే రంగు. నేను బిందె పట్టుకుని వెనక నిలబడి ఉన్నాను. ఆయన జరగలేదు. పంపు విప్పేసి, చొక్కాను దాని కింద రెండు చేతులతో పరిచి పట్టుకుని నిలబడినాడు. జేబులోంచి, కాలరులోంచి, కుట్లలోంచి బూడిదరంగు నీళ్ళు కారి ఆయన కాళ్ళ మీదుగా పోతా ఉన్నాయి. అవి తేటబడతాయేమోనని చూస్తా ఉన్నాడు.